రెండు వందల పదమూడో వస్తువు

గాలిమెట్ట మీదికి జీపులో వెళ్ళి, ఒక రాత్రి గుడారంలో పడుకుని రావడానికి ఏమేం కావాలో ప్రభుత్వానికి తెలియని కాలం ఒకటి ఉండేది. అప్పట్లో జనం వెళ్ళేవారు, పడుకునేవారు, తెల్లారి దిగి వచ్చేసేవారు. ఎవరూ ఎవరికీ అర్జీ పెట్టుకునేవారు కాదు. ఈ అరాచకమంతా ఒక పెద్దమనిషిగారి బావమరిది అగ్గిపెట్టె మర్చిపోవడంతో అంతమైంది.

బావమరిదిగారు ఆ రాత్రి పచ్చి సేమియా నమిలి, పొద్దున్నే కిందికి దిగి, ఎవరికి ఫోన్ చెయ్యాలో వాళ్ళకి చేశారు. వారం తిరక్కుండా తొమ్మిదిమందితో కమిటీ పడింది. కొండ ఎక్కి చూడాలని కమిటీవారికీ ఉండేది. కానీ తగిన ఏర్పాట్లు లేకుండా కొండ ఎక్కడం ప్రమాదకరమని మొదటి సమావేశంలో వాళ్ళే తీర్మానించుకోవడం వల్ల, మిగతా పద్నాలుగు సమావేశాలూ కిందే జరుపుకున్నారు. చివరికి 'వాహన విడిది సంసిద్ధతా విభాగం' పుట్టింది. కొండ మొదట్లో బొడ్డపుట్టు దగ్గర ఒక గేటు, గేటు పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో జూనియర్ అసిస్టెంటు కనకారావు, కనకారావు చేతిలో రెండు వందల పన్నెండు వస్తువుల జాబితా వెలిశాయి.

జాబితాలో లేని వస్తువు లేదు. స్టెప్నీ టైర్లు మూడు, జాకీలు రెండు, పలుగు, పార, తాళ్ళు, చెక్కపలకలు, గ్యాస్ పొయ్యి, గుడారం, కంబళ్ళు, మందుల పెట్టె, మనిషికి పది లీటర్ల నీళ్ళు. ఇంతవరకూ సరే. ఆ పైన కమిటీవారికి ఊపు వచ్చింది. విజిళ్ళు రెండు, మొదటిది పోతే దాని కోసం రెండోది ఊదడానికి. దిక్సూచి ఒకటి, దిక్సూచిని ఎక్కడ పెట్టారో చూపించే పటం ఒకటి. అగ్గిపెట్టెలు మూడు, అవి రాజేసిన నిప్పు ఆర్పడానికి ఇసుక బకెట్లు ఆరు. చీకట్లో జాబితా చదువుకోవడానికి టార్చిలైటు, టార్చిలైటు వేసినా జాబితా కనబడనివారికి కళ్ళజోడు.

మొదటి నెల బాగానే నడిచింది. రెండో నెలలో ఒక మోసం బయటపడింది. గేటు ఎదురుగా ఉన్న టీకొట్టతను ఈ రెండు వందల పన్నెండూ ఒక సెట్టుగా కూర్చి అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. తనిఖీ అయ్యి జీపు మలుపు తిరగ్గానే అతని తమ్ముడు ఆ సెట్టుని దింపుకుని అడ్డదారిన కిందికి తెచ్చేసేవాడు. ఒకే సెట్టు ఒక్క ఆదివారం ఏడుసార్లు కొండెక్కిందని తేలింది. దానికి విరుగుడుగా విభాగం సీలు కనిపెట్టింది. ప్రతి వస్తువుకీ పురికొస చుట్టి, ముడి మీద లక్క కరిగించి ముద్ర కొడతారు. దిగి వచ్చేటప్పుడు ముద్రలన్నీ చెక్కుచెదరకుండా ఉండాలి. 'సీలు భగ్నమైన వస్తువు వాహనములో లేనిదిగా పరిగణించబడును' అని నిబంధన. వస్తువు లేకపోతే వాహనం అసంసిద్ధం. మూడుసార్లు అసంసిద్ధమైతే ఆ డ్రైవరు పర్మిట్టు జన్మకి రద్దు.

అంటే ఏమిటన్నమాట? గుడారం ఉండాలి, వేసుకోకూడదు. పొయ్యి ఉండాలి, వెలిగించకూడదు. కాలు విరగ్గొట్టుకున్నవాడు కట్టు సామాను పక్కనే పడుకుని, అది తన దగ్గర ఉందన్న ధైర్యంతో తెల్లవార్లూ మూలగాలి.

పాంగి బొంజుబాబుకి అప్పటికే రెండు అసంసిద్ధం మార్కులు పడ్డాయి. ఇరవై రెండేళ్ళుగా గాలిమెట్ట మీదికి జీపు తోలుతున్న మనిషి. మొదటిసారి ఎవరో పట్నం కుర్రాడు ఉల్లిపాయతోపాటు వేలు కూడా తరుక్కుంటే మందుల పెట్టె విప్పాడు. రెండోసారి దారికి అడ్డంగా కొండచరియ జారితే పార తీశాడు. మొదటిదానికి సంజాయిషీ అడిగితే "రక్తం కారింది" అని రాసిచ్చాడు. 'రక్తము కారుట అత్యవసర పరిస్థితియే. అయినను మందుల పెట్టె అత్యవసర పరిస్థితుల నిమిత్తమే ఉద్దేశింపబడినది గనుక, దానిని ఇట్టి సందర్భములలో మరింత భద్రముగా ఉంచవలసియున్నది' అని జవాబు వచ్చింది. బొంజుబాబు ఆ కాగితాన్ని నలుగురిచేత చదివించుకున్నాడు. నలుగురూ చదివారు గానీ ఎవరూ అర్థం చెప్పలేకపోయారు.

ఇంకొక్క మార్కు పడితే అతని పని సరి. వేరే పని రాదు. అదొక్కటే కాదు, వారం రోజులు కొండ ఎక్కకపోతే ఆ మనిషికి అన్నం సయించదు.

అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి ఒక జంట దిగారు. హైమవతి పళ్ళ డాక్టరు, భర్త ఉమాశంకర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. కొండ మీద గుడారం వేసుకోవడం ఇద్దరికీ ఇదే మొదలు. ఆ లోటు తీర్చుకోవడానికి ఉమాశంకర్ నలభై వీడియోలు చూసి, వాటిలో కనబడిన ప్రతిదీ కొనేశాడు. మడత బల్ల, మడత కుర్చీలు నాలుగు, కాఫీ యంత్రం, రంగు దీపాల దండ, మూడు రకాల తలగడలు.

బొంజుబాబు మంచమంత పాత పట్టా ఒకటి తెచ్చి నేల మీద పరిచాడు. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా అతని పద్ధతి అదే.

"ఈ పట్టా మీద పట్టిందే జీపులో పట్టుద్దండి. పట్టంది ఇంటికెల్లిపోద్ది," అన్నాడు.

"కాఫీ యంత్రం చిన్నదేనండీ," అన్నాడు ఉమాశంకర్.

"దానికి కరెంటు గావాల కదా బాబూ?"

ఉమాశంకర్ యంత్రాన్ని తీసి కారులో పెట్టాడు. దాని వెనక బల్ల, కుర్చీలు, దీపాల దండ వెళ్ళాయి. తలగడల దగ్గర కొంత పోరాటం జరిగింది.

"బరువైనయి కిందనా, నడిమినా పెట్టండి. నీల్ల కేన్లు మీ సీటెనక. టాపు మీద ఏటీ కట్టకండి, మలుపులో బండి ఓపక్కకి లాగేస్తాది. గుడారం ఇంటికాడ ఓపాలి ఏసి చూసుకున్నారా?"

"లేదు. కవరే విప్పలేదు," అంది హైమవతి.

"మరి సీకటి పడ్డాక, గాలిలో, మొదటిపాలి ఏస్తారా అమ్మా? ఇక్కడే ఓపాలి ఏసి తియ్యండి. ఎక్కడికెల్తన్నారో, ఎప్పుడికొస్తారో ఇంటికాడ ఒకలికి ఫోన్ సేసి సెప్పీయండి. పైన ఫోన్ పలకదు."

గంటలో పట్టా మీద ఉన్నదంతా ముచ్చటగా సర్దుకుంది. హైమవతి మొహం విప్పారింది. సరిగ్గా అప్పుడే కనకారావు షెడ్డులోంచి లక్క కడ్డీ, స్పిరిట్ దీపం, ముద్ర పట్టుకుని వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు ప్రభుత్వ ఆమోదిత సామాను మోసుకొస్తున్నారు. పాపం కనకారావు చెడ్డవాడు కాదు. బండికి రెండు వందల పన్నెండు ముద్రలు కొట్టీ కొట్టీ అతని వేళ్ళకి బొబ్బలెక్కాయి.

"మీ గుడారం కూడా ఇటివ్వండి. నలభై నాలుగో నెంబరు," అన్నాడు.

అన్నీ ఎక్కేసరికి జీపు చతికిలబడింది. ఉమాశంకర్ ఒళ్ళో ఇసుక బకెట్టు, హైమవతి కాళ్ళ దగ్గర స్టెప్నీ. ఆ సాయంత్రం కొండ మీద ఆ దంపతులు సీలు వేసిన పొయ్యి ముందు కూర్చుని, సీలు వేసిన గుడారానికి ఆనుకుని, సూర్యాస్తమయం చూశారు. అప్పుడు బొంజుబాబు డ్రైవరు సీటు కిందనుంచి ఒక మూట తీశాడు. అందులో ఆ పాత పట్టా, ఒక గిన్నె, డబ్బాలో పెట్టిన అగ్గిపెట్టె, నాలుగు గుప్పెళ్ళ సామబియ్యం, చింతపండు పచ్చడి ఉన్నాయి.

"ఇవి జాబితాలో ఉన్నాయా?" అనడిగాడు ఉమాశంకర్ భయంగా.

"లేవండి. అందుకే పనికొస్తన్నాయి."

రెండు నెలలకి విభాగానికి సంయుక్త సంచాలకులు పరాంకుశంగారు స్వయంగా తనిఖీకి వచ్చారు. ఆ త్రైమాసికంలో గాలిమెట్ట గేటు దగ్గర ఎనభై శాతం సంసిద్ధత నమోదైంది. మిగతా ఇరవై శాతం ఎక్కడికి పోయిందో కొండ మీదికి వెళ్ళి చూద్దామని ఆయన ఉద్దేశం. తీరా గేటు దగ్గర ఆయన కారులో రెండో విజిలు లేదని తేలింది. కనకారావు చెమటలు కక్కుతూనే కారుని ఆపేశాడు. పరాంకుశంగారు అతని భుజం తట్టి, తన కారు మీద తనే కేసు రాయించి, వరసలో నిలబడి ఉన్న బొంజుబాబు జీపెక్కారు.

"వాహనము బహుచక్కగా సంసిద్ధమై ఉన్నది," అన్నారు వెనక్కి చూసి. ఆయనకి వెనక ఏమీ కనబడలేదు, సామాను అడ్డం.

ఆరో కిలోమీటరు దగ్గర వాన పట్టుకుంది. అక్కడివాళ్ళు గెడ్డ అనే కొండవాగు దాటి ఒడ్డెక్కేచోట బురదలో జీపు వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి. ఖాళీ జీపయితే బొంజుబాబు ఒక్క ఊపున ఎక్కించేవాడు. ఆ బరువుతో దేవుడు దిగి వచ్చినా తరం కాదు.

"ప్రస్తుత పరిస్థితిని ఏమని నమోదు చేయవచ్చును?" అనడిగారు పరాంకుశంగారు.

"దిగబడిపోనాం సారూ. ఎనక తాళ్ళున్నాయి, పలకలున్నాయి. సీలు తీసీమని మీరొక మాట అనీయండి, పావుగంటలో లేపీస్తాను."

"నోటిమాటగా అనుటకు నాకు అధికారము లేదు. లిఖితపూర్వకముగా అనుమతి ఇవ్వవలెను. అందులకు ఒక ఫారము కలదు."

"ఎక్కడుందండి?"

పరాంకుశంగారు జాబితా తీసి వేలితో వెతికారు. "అరవై ఒకటవ వస్తువు. సీలు విప్పుటకు అనుమతి పత్రము, మూడు ప్రతులు."

బొంజుబాబు వానలోకి దిగి, బకెట్ల మధ్యనుంచి అరవై ఒకటో నెంబరు కవరు వెతికి తెచ్చాడు. ఇద్దరూ దాన్ని కాసేపు చూశారు. కవరు మీద లక్క ముద్ర ఎంతో నున్నగా, పొందిగ్గా పడింది. కనకారావు దాని మీద శ్రద్ధ పెట్టినట్టున్నాడు.

"ఇప్పుడేటి సేద్దారండి?"

"నియమావళి మౌనముగా ఉన్నది," అన్నారు పరాంకుశంగారు.

పొద్దువాలేసరికి చలి మొదలైంది. ఆయన దవడలు టకటకలాడుతున్నాయి. "కంబళ్ళు ఎన్ని కలవు?" అన్నారు. ఎనిమిదన్నాడు బొంజుబాబు. "సీళ్ళు?" బాగున్నాయన్నాడు. "సంతోషము," అన్నారు ఆయన వణుకుతూ, మనస్ఫూర్తిగానే.

బొంజుబాబుకి ఒళ్ళు మండింది. నెత్తిన రెండు మార్కులున్నాయి కాబట్టి గానీ, లేకపోతే ఆ కవరుని పెద్దసారు కళ్ళముందే చింపేసేవాడు. కానీ చలికి నీలుక్కుపోతున్న అరవై ఏళ్ళ మనిషిని చూస్తూ ఎంతసేపు కూర్చుంటాడు? సీటు కింది మూట లాగాడు. గెడ్డకి ఎగువన ఎత్తుగా ఉన్న బండ పక్కన పట్టా కట్టి, రాతి సందులో దొరికిన ఎండు పుల్లలు ఏరి నిప్పు రాజేసి, సామబియ్యం ఉడకేశాడు.

"ఈ పట్టా జాబితాలో ఉన్నదా?" అనడిగారు పరాంకుశంగారు.

"నేదండి."

"అట్లయిన నేను దీనిని చూడలేదు," అని ఆయన గబగబా పట్టా కిందికి దూరిపోయారు. చూడని ఆ గిన్నెలోంచి మూడుసార్లు వడ్డించుకుని తిన్నారు. చింతపండు పచ్చడి ఇంకా ఉందా అని కూడా అడిగారు.

పొద్దున్నే వాన వెలిసింది. సీలు విప్పడం నేరం గానీ, సీలేసిన వస్తువుని బండిలోంచి కింద పెట్టడం నేరమని ఎక్కడా లేదని బొంజుబాబు పెద్దసారుని ఒప్పించాడు. ఇద్దరూ కలిసి రెండు వందల పన్నెండింటినీ ఒకటొకటిగా ఒడ్డుకి మోశారు. సంయుక్త సంచాలకులవారు పంచె ఎగ్గట్టి ఆరు ఇసుక బకెట్లూ తనే చేరవేశారు. ఐదో బకెట్టు దగ్గర ఆగి, "ఇసుక కొండ మీద దొరకదా?" అని తనలో తను అనుకున్నారు గానీ పైకి నమోదు చెయ్యలేదు. బండి తేలికపడ్డాక బొంజుబాబు నాలుగు టైర్లలోనూ గాలి కొంచెం తగ్గించి, చక్రాల కింద కొమ్మలు పరిచి, మొదటి గేర్లో మెల్లగా పైకి లాగేశాడు.

సామానంతా మళ్ళీ ఎక్కించుకుని ఇద్దరూ వెనక్కి దిగి వచ్చాక, గేటు దగ్గర కనకారావు లెక్క చూశాడు. రెండు వందల పన్నెండు సీళ్ళూ భద్రం. నూరు శాతం సంసిద్ధత. పరాంకుశంగారు జీపు దిగి, బొంజుబాబు చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. మొట్టమొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు.

"రాత్రి నువ్వు లేకపోతే నా గతి ఏమయ్యేదో బాబూ. ఆ సామాను కాదు, నువ్వు కాపాడావు నన్ను. ఇది నేను రిపోర్టులో రాస్తాను."

బొంజుబాబుకి కళ్ళు చెమర్చాయి. ఇంటికెళ్ళి భార్య సుక్కమ్మతో చెప్పాడు. "పెద్దసారు కల్లారా సూసీసినాడే. ఇంక ఆ లక్కా గిక్కా ఉండదు."

"కాయితం రానీ, అప్పుడు సంబరపడుదువు," అంది సుక్కమ్మ.

కాగితం మూడో వారంలో వచ్చింది. పరాంకుశంగారు మాట తప్పలేదు. రిపోర్టు నిజాయితీగానే రాశారు. సామాను ఎంత ఉన్నా, అనుభవమున్న మనిషి వెంట లేకపోతే కొత్తవారికి కొండ మీద ప్రమాదమేనని స్పష్టంగా రాశారు. పైవారు దాన్ని ఆమూలాగ్రం ఆమోదించి జాబితాలో చేర్చారు. 'వస్తువు 213: అనుభవజ్ఞుడైన స్థానికుడు, 1 (ఒకటి). వస్తువు 214: సదరు స్థానికుని మూట, 1 (ఒకటి).'

వస్తువు కనక సీలుండాలి.

ఆ ఆదివారం హైమవతి, ఉమాశంకర్ మళ్ళీ వచ్చారు. ఈసారి పెరట్లో రెండుసార్లు గుడారం వేసి తీసి, సామాను సగానికి తగ్గించుకుని, పట్టా మీద పట్టేంతే తెచ్చుకున్నారు. బొంజుబాబు మాత్రం వాళ్ళకి ఎదురొచ్చి పలకరించలేదు. షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కనకారావు అతని రెండు మణికట్లూ దగ్గరకి చేర్చి పురికొస చుడుతున్నాడు.

"బిగువయితే చెప్పండి బొంజుబాబుగారూ. లక్క కూడా కాస్త వేడి తగ్గాకే పోస్తాను," అన్నాడు దిగులుగా.

"సేతులు కట్టీసినాక బండెలాగ తోల్తానండి?"

"మీరు తోలకూడదు. తోలితే వాడినట్టవుతుంది. వాడితే సీలు ఊడుతుంది. బండి వచ్చినవాళ్ళే తోలుకోవాలి. మీరు వెనక, రెండు వందల పన్నెండుకీ రెండు వందల పద్నాలుగుకీ మధ్యన కూర్చోవాలి."

"నోటితో సెప్పొచ్చా?"

కనకారావు కాగితం తిప్పి చూశాడు. "సలహా కూడా వాడకం కిందికే వస్తుందట. నోటికి సీలు వేసే విషయం పరిశీలనలో ఉంది. నిర్ణయం వెలువడేదాకా మూసుకుని ఉండమన్నారు." ఆఖరి మాట అతనే కాస్త మర్యాదగా మార్చి, మెల్లగా చెప్పాడు.

"మనిషికి సీలేంటండీ, మీకేమైనా పిచ్చా?" అంది హైమవతి.

"అనుభవజ్ఞులు కొండ మీదికెళ్ళి అక్కడే వాడబడిపోయి, తిరిగొచ్చేసరికి వాహనం అసంసిద్ధం కాకూడదని మేడమ్," అన్నాడు కనకారావు. చెబుతున్నప్పుడు ఆమె మొహంలోకి చూడలేదు.

బొంజుబాబు కిక్కురుమనలేదు. ఎదురు మాట్లాడితే మూడో మార్కు. ఇరవై రెండేళ్ళుగా తను పట్టిన స్టీరింగు ముందు వేరేవాడు కూర్చుంటే, తను ఇసుక బకెట్ల మధ్య ఇరుక్కుని ఎక్కాడు. అంత అవమానం అతనికి జన్మలో జరగలేదు.

ఉమాశంకర్ లెక్కల మనిషి. ప్రతి మలుపుకీ కోణం కట్టుకుంటూ జీపు తోలాడు. నాలుగు కిలోమీటర్ల దాకా ఆ లెక్క సరిపోయింది. ఐదో కిలోమీటరు దగ్గర దారి వాలుగా దిగుతుంది, ఎడంపక్క ఇరవై బారల లోయ. రాత్రి కురిసిన వానకి మట్టి సబ్బులా ఉంది. వాలులో బండి జోరందుకోగానే ఉమాశంకర్ కొత్తవాళ్ళందరూ చేసేదే చేశాడు, బ్రేకు గట్టిగా తొక్కేశాడు. నాలుగు చక్రాలూ బిగుసుకుపోయి, జీపు పక్కవాటుగా లోయ వైపు జారడం మొదలుపెట్టింది. వెనక రెండు వందల వస్తువులు ఒక్కసారిగా ముందుకి తోశాయి.

"బొంజుబాబూ! ఏం చెయ్యాలో చెప్పండి!" అని కేకేసింది హైమవతి.

ఒక్క క్షణం బొంజుబాబు ముడి మీద లక్క వైపు చూశాడు. చూశాడన్నది దాచడమెందుకు? పర్మిట్టు, జీపు, రేపటినుంచి పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న, అన్నీ ఆ ముద్రలోనే ఉన్నాయి. మరుక్షణం మణికట్లు మోకాలికేసి కొట్టాడు. లక్క పెళ్ళుమంది. పురికొస తెగింది.

"బ్రేకొగ్గీయండి! బ్రేకొగ్గీయండి ముందు!"

ముందుసీట్ల మధ్యనుంచి దూకి స్టీరింగు అందుకున్నాడు. ఉమాశంకర్ కాలు తీశాడు. చక్రాలు మళ్ళీ తిరగడం మొదలెట్టాయి. బొంజుబాబు బండిని ముందు జారినవైపే కాస్త పోనిచ్చి, తర్వాత కొండవైపుకి తిప్పి, మట్టిగట్టుకి ముక్కు ఆనించి ఆపాడు. వెనక చక్రానికీ లోయకీ మధ్య జానెడు నేల మిగిలింది.

హైమవతి ఏడ్చేసింది. ఉమాశంకర్ డ్రైవరు సీటులోంచి దిగి, తలుపు తీసి పట్టుకున్నాడు. "మీరు కూర్చోండి," అన్నాడు.

"ఎలాగూ పోనాది," అన్నాడు బొంజుబాబు, తెగిన పురికొస జేబులో కుక్కుకుంటూ. "ఒక సీలు పోనా, నూరు పోనా మార్కొకటే. పదండి, ఏడేడిగా వండుకుందారి."

ఆ సాయంత్రం గాలిమెట్ట మీద, సీళ్ళు వచ్చాక మొదటిసారి, ఒక గుడారం నిలబడింది. పొయ్యి వెలిగింది. కంబళ్ళు మనుషుల మీదికి వచ్చాయి. రెండు వందల పద్నాలుగింటిలో వాళ్ళకి నిజంగా కావలసి వచ్చినవి పదకొండు. మిగతావాటి సీళ్ళు విప్పాల్సిన అవసరమే పడలేదు.

మర్నాడు గేటు దగ్గర కనకారావు జాబితా పట్టుకుని ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. రెండు వందల పదమూడు దగ్గర పెన్ను ఆగింది. ఎదురుగా బొంజుబాబు నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ విడివిడిగా ఉన్నాయి.

"సీలు లేదండి," అన్నాడు కనకారావు.

"నేదు."

కనకారావు రాసుకున్నాడు. "అనుభవజ్ఞుడైన స్థానికుడు: వాహనములో లేడు."

"ఇక్కడే ఉన్నాను గదండి."

"ఉన్నారు. కానీ సీలు లేకపోతే లేనట్టే కదా. ఇది మూడో మార్కు. పర్మిట్టు రద్దు నోటీసు పర్మిట్టుదారు చేతికే ఇచ్చి సంతకం తీసుకోవాలి."

"మరియ్యండి," అని బొంజుబాబు చెయ్యి చాపాడు.

కనకారావు నోటీసు ఇవ్వబోయి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "మీకెలా ఇస్తానండి? మీరు లేరని ఇప్పుడే నా చేత్తో రాశాను. లేని మనిషి సంతకం తీసుకుంటే నా ఉద్యోగం పోదూ?"

కనకారావు పైవారికి ఫోన్ చేశాడు. పైవారు ఇంకా పైవారికి చేశారు. మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. పర్మిట్టుదారు కొండ మీద గల్లంతైనట్టు రికార్డు చెబుతోంది. ఆచూకీ తెలిసేదాకా నోటీసు ఇవ్వడానికి వీల్లేదు, పర్మిట్టు రద్దు చెయ్యడానికీ వీల్లేదు. పైగా అతను విభాగపు జాబితాలోని వస్తువు కాబట్టి, వెతికి తెచ్చే బాధ్యత విభాగానిదే. తక్షణమే గాలింపు చేపట్టవలెను. గాలింపు వాహనము అత్యవసర వాహనము గనుక దానికి సామాను నిబంధనలు వర్తించవు.

గాలింపు బృందానికి నాయకత్వం వహించడానికి పరాంకుశంగారు వచ్చారు. కొండ మీద దారులు తెలిసిన డ్రైవరు కావాలన్నారు. ఆ కొండ దారులు తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే. కనకారావు రిజిస్టరులో 'ఒక స్థానిక డ్రైవరు' అని మాత్రం రాసి, గేటెత్తాడు.

ఖాళీ జీపు హాయిగా కొండెక్కింది. వెనక పట్టా, గిన్నె, నీళ్ళ కేను, ఒక తాడు, పార తప్ప ఏమీ లేవు. గెడ్డ ఒక్క ఊపున దాటేసింది. పరాంకుశంగారు గాలికి జుట్టు ఎగురుతుంటే చాలాసేపు లోయలోకి చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఫైలు విప్పి, పెన్ను తీసి, పక్కనున్న మనిషిని అడిగారు.

"ఆ మనిషి దొరుకుతాడంటావా?"

"కష్టం సారూ," అన్నాడు బొంజుబాబు దారి మీదనుంచి చూపు తిప్పకుండా. "మంచోడే. కానీ దొరికితే మల్లీ సేతులు కట్టీసి లక్క పోసేస్తారని బయిపడ్డట్టున్నాడు."

మలుపు దాటాక పరాంకుశంగారు ఫైలు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"తొందరేం లేదులే. నేను రిటైరయ్యేదాకా వెతుకుదాం," అన్నారు.